‘హీ గో’ ఎప్పుడు ‘హీ గోస్’ అవుతుంది?

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ వస్తే క్రియకు ‘ఎస్’ చేర్చాలని జూన్ నుంచి చెబుతూనే ఉన్నాను. ఖాళీలు పూరించమంటే ముప్పాతిక మంది సరిగ్గా రాస్తారు. నోరు తెరిస్తే మాత్రం ‘మై ఫాదర్ గో టు ఫీల్డ్’ అంటారు. లోపం ఎక్కడుంది?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు చెప్పిన నియమం పిల్లలకు వచ్చిందమ్మా, ఖాళీలు సరిగ్గా నింపుతున్నారంటే అదే అర్థం. కానీ నియమం తెలియడం వేరు, మాట్లాడేటప్పుడు అది నాలుక మీదికి రావడం వేరు. ఖాళీ నింపేటప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, చూసుకోవాల్సింది ఒక్క క్రియనే. మాట్లాడేటప్పుడు ఏం చెప్పాలి, ఏ మాట వాడాలి, ఏది ముందు పెట్టాలి అన్నీ ఒకేసారి చూసుకోవాలి. ఆ తొందరలో ముందుగా జారిపోయేది అర్థానికి అక్కర్లేని ముక్క. ‘మై ఫాదర్’ అన్నాక ‘గో’ అన్నా ‘గోస్’ అన్నా వినేవాళ్లకు సంగతి తెలిసిపోతుంది. అదే ‘బుక్స్’లో ‘ఎస్’ తీసేస్తే ఒకటో పదో తెలియదు. అందుకే బహువచనం ముందే పట్టుబడుతుంది.

దీనికి తెలుగును తప్పుపట్టనక్కర్లేదు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అని మన క్రియ కర్తను బట్టి మారుతూనే ఉంటుంది. ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగే పిల్లలకైనా, స్పానిష్, చైనీస్ ఇళ్లలో పుట్టి ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకైనా ‘గోయింగ్’ లాంటి మాటల్లోని ‘ఇంగ్’ ముందు, ఈ ‘ఎస్’ బాగా వెనక వస్తాయని 1970లలో జరిగిన పరిశీలనల్లో తేలింది. మన పిల్లలకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. ‘ఆస్క్స్’, ‘వాంట్స్’ లాంటి మాటల చివర హల్లులు గుంపుగా వస్తే చెవికీ అందవు, నోటికీ తిరగవు.

కాబట్టి ఖాళీల అభ్యాసం వారానికి ఒకసారికి తగ్గించి, మిగతా పీరియడ్లలో ఆ రూపం పదేపదే వినబడే పని ఇవ్వండి. బోర్డు మీద ఒక కిరాణా కొట్టాయన దినచర్య ఆరు వాక్యాల్లో రాయండి: ఓపెన్స్ ద షాప్ ఎట్ 6, గోస్ హోమ్ ఎట్ 1, ఇలా. పక్కనే పాలు పోసే ఆమె దినచర్య మరో ఆరు. ఇద్దరూ తీరిగ్గా కలుసుకోగల సమయం ఏదో కనిపెట్టాలి. మొదటి పది నిమిషాలు మీరు తరగతి మొత్తాన్ని ఇంగ్లిష్‌లో అడుగుతూ దారి చూపండి. తర్వాత పదిహేను నిమిషాలు ఇద్దరిద్దరుగా చేయనివ్వండి. పది నిమిషాలు జవాబులు వినండి. చివరి ఐదు నిమిషాల్లో మాత్రమే బోర్డు మీది ‘ఎస్’ల కింద గీతలు గీయండి. ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య బడుల్లో ప్రయోగంగా నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో బోధన ఈ తరహా పనుల చుట్టూనే సాగింది. పని కష్టం సరిపోయిందో లేదో చూడటానికి అక్కడ వాడిన కొలత మీకూ పనికొస్తుంది: తరగతిలో కనీసం సగం మంది కనీసం సగం పని చేయగలగాలి.

దిద్దే తీరు కూడా మార్చాలి. పిల్లవాడు ‘హీ ఓపెన్’ అనగానే మీరు ‘హీ ఓపెన్స్’ అని సరిచేసి ముందుకు పోతే, మీరు తన మాటకు ఒప్పుకున్నారనే అనుకుంటాడు, తేడా వినడు. ‘హీ…?’ అని ఆగి, మూడు నాలుగు సెకన్లు ఓపిగ్గా చూడండి. తనంతట తాను దిద్దుకున్నదే నిలుస్తుంది. రాతపనిలో వ్యవధి ఉంటుంది కాబట్టి రాశాక మూడు నిమిషాలిచ్చి ఒక్క క్రియలనే సరిచూసుకోమనండి.

కొన్నాళ్లకు ‘ఐ గోస్’, ‘డస్ హీ గోస్’ అనడం మొదలుపెడతారు. కంగారు పడకండి, మార్కులు తీయకండి. ‘ఎస్’ వాళ్ల చెవిన పడిందన్నమాట. ఎక్కడ ఆపాలో తర్వాత తెలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి బెంగళూరు వచ్చి ఏడాదైంది. వయసు 54. కన్నడం అర్థమవుతుంది, మాట్లాడితే నవ్వుతున్నారు. ఈ వయసులో వస్తుందా?

జవాబు: తప్పకుండా వస్తుంది. వయసుతో ఎక్కువగా దెబ్బతినేది ఉచ్చారణ. తెలుగు, కన్నడ ధ్వనులు దాదాపు ఒకటే కాబట్టి ఆ బెంగ కూడా తక్కువే. వాక్యం అల్లిక కూడా మనదే. పాలు ‘హాలు’, పులి ‘హులి’, పాము ‘హావు’, పండు ‘హణ్ణు’: మాట మొదట్లోని ‘ప’ అక్కడ ‘హ’ అయిందని గుర్తుంటే చాలా మాటలు ఊరికే వచ్చేస్తాయి. అర్థం మారే మాటలు విడిగా రాసుకోండి. కన్నడంలో ‘ఊట’ అంటే భోజనం, ‘తిండి’ అంటే టిఫిను.

ఈ దగ్గరతనంతోనే చిక్కు కూడా ఉంది. మాట సగం వినగానే అర్థమైపోవడంతో చివరి ముక్క వినం. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది అని మనకు రెంటికీ ఒకటే క్రియ. కన్నడంలో ఆమె ‘బందళు’, బస్సు ‘బంతు’. ‘అవళు బంతు’ అంటే మనిషిని వస్తువుతో జమకట్టినట్టు వినిపిస్తుంది. రోజూ పది నిమిషాలు ఒక్క క్రియ పట్టుకోండి: బంద (అతను వచ్చాడు), బందళు, బంతు, బందరు (వారు వచ్చారు). మర్నాడు ‘వెళ్లడం’: హోద, హోదళు, హోయ్తు, హోదరు. ఆ రోజు మీ ఇంటికి ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు వెళ్లారో ఆ రూపాలతో పైకి చెప్పుకోండి. గౌరవించాల్సిన వారికి ‘బందరు’ వాడితే ఎక్కడా ఇబ్బంది రాదు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయి నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయాలు చదవబోయి రెండు రోజుల్లో మానేసింది. ఏం చేయాలి?

జవాబు: ఆ పాఠం ఆమె స్థాయికి మించింది. సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి పరిశోధకుల అంచనా. ఏ పుస్తకమైనా ఒక పేజీ తెరిచి నూరు మాటలు లెక్కపెట్టించండి. తెలియనివి రెండు లోపైతే తనంతట తాను చదవనివ్వండి. ఐదు దాకా ఉంటే ఎవరైనా పక్కన కూర్చోవాలి. అంతకు మించితే పక్కన పెట్టి, పిల్లల కోసం రాసిన చిన్న పుస్తకాలతో మొదలుపెట్టించండి, అందులో నామోషీ లేదు. ఆరు నెలలయ్యాక ఆ సంపాదకీయాన్నే మళ్లీ తెరిచి లెక్కపెట్టమనండి.