అబెరైరాన్ వెళ్లే ముందు

చి.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. అల్లుడుగారి పూర్వీకుల ఊరు, ఇక్కడి తీరంలోని చిన్న రేవు ఊరు అబెరైరాన్ చూడ్డానికి ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని వేల్స్ వస్తున్నామని నువ్వు పెట్టిన మెయిల్ చదివి పెద్దమ్మా నేనూ సంబరపడ్డాం. అయితే ఎవరి కోసం వెతకాలంటే "డేవిడ్ జోన్స్, అబెరైరాన్, 1840 ప్రాంతంలో ఒహాయో వెళ్లాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఆ ఒక్క ముక్కతో వస్తే రేవు గోడ మీద కూర్చుని హనీ ఐస్‌క్రీమ్ తిని, రంగురంగుల ఇళ్ల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోవడమే అవుతుంది. అదీ బాగానే ఉంటుంది కానీ, మీరు వచ్చేది అందుకు కాదుగా.

ఈ తీరంలో డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నా పేషెంట్లలో సగం మంది జోన్సులు, డేవీసులు, ఎవాన్సులే. మన ఊళ్లో సుబ్బారావు అంటే "ఏ సుబ్బారావు, చెరువుగట్టు సుబ్బారావా?" అని అడుగుతారు చూడు, ఇక్కడా అంతే. ఇల్లూ నేలా కలిపి ఒక్కో పొలానికీ ఒక పేరుంటుంది, మనిషిని ఆ పొలం పేరుతోనే గుర్తుపడతారు. అందుకే చెబుతున్నా, డేవిడ్ జోన్స్‌ని వెతకొద్దు, ఆయన పొలం పేరు వెతుకు. అది దొరికితే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడి పల్లెల్లో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కూడా తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరయ్యే అలవాటు పూర్తిగా పోలేదు. జోన్స్ అంటే జాన్ కొడుకు అని. అంటే మీ డేవిడ్ జోన్స్ తండ్రి జాన్ జోన్స్ కాకుండా జాన్ ఎవాన్స్ అయ్యుండొచ్చు. జోన్సుల చెట్టే ఎక్కుతూ పోతే పక్కింటివాళ్ల తాతల దగ్గర తేలతారు.

కాబట్టి బయల్దేరే ముందే సగం పని అమెరికాలో, ఆ ఒహాయోలోనే పూర్తి చేసుకో. అక్కడి జాక్సన్, గాలియా కౌంటీలను, అబెరైరాన్ ఉన్న జిల్లా పేరుతో, చిన్న కార్డిగన్‌షైర్ అనేవాళ్లు. 1818లో అబెరైరాన్‌కి దగ్గర్లోనే ఉన్న కిల్కెన్నిన్ నుంచి కొన్ని కుటుంబాలు వెళ్లి అక్కడ స్థిరపడ్డాయి. 1830లలో, 40లలో వాళ్ల వెనక జనం బారులు కట్టారు. జాక్సన్ కౌంటీలో మోరియా చాపెల్ శ్మశానానికి ఒక శనివారం వెళ్లి రండి. పాత వెల్ష్ (వేల్స్‌వాళ్ల) సమాధుల మీద, పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల పరిధి) పేరు చెక్కించుకున్నవాళ్లు ఉన్నారు. ఓక్ హిల్‌లో వెల్ష్ వాళ్ల మ్యూజియం కూడా ఉంది, అక్కడా అడగండి. ఇంట్లో పాత బైబిల్ ఉంటే ముందు పేజీలు ఫొటో తీసుకో. అప్పట్లో అమెరికాలో వెల్ష్ భాషలో వచ్చిన పత్రికలు ఎవరైనా పోతే ఆయన పుట్టిన పొలంతో సహా రాసేవి. అమెరికా సెన్సస్‌ని మాత్రం నమ్ముకోకు, అందులో పుట్టిన చోటు "వేల్స్" అని ఉంటుందంతే.

మీ ఇంట్లో అందరూ అబెరైరాన్ అంటున్నారు కానీ నాకు అనుమానమే. ఆ ఊరు 1807లో పార్లమెంటు చట్టం చేశాక రేవు కట్టి, ప్లాన్ వేసి లేపిన ఊరు. 1790లలో పుట్టిన మనిషి అయితే "ఆ ఊళ్లో పుట్టడం" కష్టం. దూరదేశంలో అడిగినవాళ్లకి, అందరికీ తెలిసిన రేవు పేరు చెప్పి ఉంటాడు. అసలు ఇల్లు ఐరాన్ నది వెంట లోపలికి నాలుగైదు మైళ్లలో ఉండొచ్చు. పైగా పాత రికార్డుల్లో ఆ ఊరికి సొంత పారిష్ లేదు. నదికి దక్షిణాన హెన్‌వన్యు పారిష్, ఉత్తరాన ల్లాన్‌దెవి అబెరార్త్ పారిష్. బాప్టిజం రిజిస్టర్లు రెండింటివీ చూడాలి.

1837 జూలైకి ముందు ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేసేది కాదు. ఇక్కడివాళ్లలో చాలామంది అధికారిక పారిష్ చర్చిని వదిలేసి, దానితో సంబంధం లేని వేరే క్రైస్తవ శాఖల చాపెల్‌కి వెళ్లేవాళ్లు కాబట్టి బాప్టిజం చాపెల్ పుస్తకంలో ఉండొచ్చు. పెళ్లి మాత్రం ఆ ఏడాది దాకా చట్టప్రకారం పారిష్ చర్చిలోనే జరగాలి. అందుకని పెళ్లి దగ్గర మొదలుపెట్టడం తేలిక.

మీ పెద్దాయన 1840లోనే వెళ్లిపోయి ఉంటే బ్రిటన్ సెన్సస్‌లో కనిపించడు. టెన్షన్ పడకు, వెళ్లినవాణ్ని వదిలేసి ఉండిపోయినవాళ్లను పట్టుకో. 1851 సెన్సస్‌లో ప్రతి మనిషి పక్కనా పుట్టిన పారిష్ రాశారు. అన్నో చెల్లెలో అదే పొలంలో ఉంటే పని అయిపోయినట్టే.

నాకైతే అన్నిటికన్నా ఇష్టమైనవి చర్చికి కట్టాల్సిన టైద్ అనే పన్ను కోసం 1840 ప్రాంతంలో గీసిన టైద్ మ్యాపులు. వేల్స్ నేషనల్ లైబ్రరీ వాటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ కూర్చుని చూడండి. మ్యాపులో ప్రతి మడికీ ఒక నంబరు ఉంటుంది. దాని జాబితాలో భూస్వామి పేరు, సాగు చేసే రైతు పేరు, ఆ మడి పేరు, అది దుక్కి నేలా పచ్చికా, ఎన్ని ఎకరాలు, ఎంత కట్టాలి, అన్నీ వరసగా ఉంటాయి. రైతు గడిలో డేవిడ్ జోన్స్ కనిపిస్తే పక్కన పొలం పేరు చూసుకో. 1858కి ముందు వేల్స్ చర్చి కోర్టుల్లో నమోదైన వీలునామాలు, 1919 దాకా పాత వార్తాపత్రికలు కూడా ఆ లైబ్రరీ సైట్‌లోనే ఉచితం. వీలునామాలో "అమెరికాలో ఉన్న నా కొడుక్కి" అనే మాట దొరికితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

ఇక ప్రయాణం. అబెరైరాన్‌కి రైలు లేదు. బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీ మీదుగా అబెరిస్ట్విత్ దాకా రైలుంది, అక్కణ్ణుంచి 16 మైళ్లు బస్సు. మొదటి రెండు రోజులు అబెరిస్ట్విత్‌లోనే దిగండి, నేషనల్ లైబ్రరీ అక్కడే కొండ మీద ఉంది. రీడర్ టికెట్‌కి పాస్‌పోర్టుతో పాటు అడ్రస్ ప్రూఫ్ కూడా పట్టుకెళ్లండి. కావలసిన కాగితాలు ముందే ఆర్డర్ పెట్టండి. ఆదివారం మూసేస్తారు. పాత కాగితాల దగ్గర పెన్ను తీయనివ్వరు, పెన్సిల్ ఉంచుకో. అల్లుడుగారికి ఒక మాట చెప్పు, అక్కడ ఎవరితోనూ పొరపాటున "ఇంగ్లండ్ చాలా బాగుంది" అనొద్దని. వేల్స్ వేరు, ఇంగ్లండ్ వేరు. పొద్దున్నే "బోరె దా", ఏదైనా ఇస్తే "దియోల్ఖ్" అంటే చాలు, ముఖాలు విచ్చుకుంటాయి.

శ్మశానానికి ఏప్రిల్ మంచి నెల. గడ్డి ఇంకా పెరగదు, ముళ్లకంపలు రాళ్లను కమ్మేయవు. బూట్లు మాత్రం నీళ్లు దిగనివి వేసుకోండి. ఇక్కడ రాళ్లు ఎక్కువగా పలక రాళ్లు, అక్షరాలు బాగానే నిలిచి ఉంటాయి. చదవడానికి పెద్ద భాషేమీ రానక్కర్లేదు. పైన "ఎర్ కోవ్ అమ్" అని ఉంటే ఫలానావారి జ్ఞాపకార్థం అని. "ప్రియోద్" అంటే భార్య లేక భర్త, "మాబ్" కొడుకు, "మెర్ఖ్" కూతురు. చాలా రాళ్ల మీద మనిషి పేరు కిందే పొలం పేరు ఉంటుంది, మీకు కావలసింది అదే. అక్షరాలు కనపడకపోతే ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా కొట్టి ఫొటో తీయండి. సుద్ద రుద్దడం, వైరు బ్రష్‌తో గీకడం చెయ్యొద్దు, రాయి పాడవుతుంది.

పొలం దొరికిందనుకో, వెంటనే వెళ్లి తలుపు తట్టొద్దు. ఏప్రిల్ అంటే గొర్రెలు ఈనే కాలం, రైతుకి నిద్ర కూడా ఉండదు. ముందు ఒక ఉత్తరం రాసి, ఫలానా కాలంలో మావాళ్లు ఇక్కడ ఉండేవారట, బయట నుంచి ఒకసారి చూసి వెళ్తాం అని అడగండి. రమ్మంటే వెళ్లండి. దారిలో గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూసెయ్యండి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యండి.

మోరియాలో తీసిన ఫొటోలు ముందు నాకు పంపించు. వెల్ష్‌లో ఉన్నవి నేను చదివి పెడతాను.

మీ పెదనాన్న