హాట్‌ఎండ్‌కి సిలికాన్ తొడుగు ఇంట్లో చేసుకోవచ్చా?

ప్రశ్న: సార్, నా త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్‌ని కరిగించే భాగం, అదే హాట్‌ఎండ్, దాని మీదున్న సిలికాన్ సాక్ (వేడి పోకుండా కాపాడే తొడుగు) చిరిగిపోయిందండి, ఫ్యాన్ తిరగ్గానే టెంపరేచర్ పడిపోతోంది. బండి మెకానిక్‌లు వాడే ఎర్ర గాస్కెట్ సిలికాన్‌తో కొత్తది చేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: భేషుగ్గా చేసుకోవచ్చండి. కాకపోతే ట్యూబ్ మీద 250 డిగ్రీలకి పైనే తట్టుకుంటుందని రాసుందో లేదో చూస్కోండి, బాత్రూమ్ టైల్స్‌కి పూసేది పనికిరాదు. వెనిగర్ వాసనొచ్చే రకం కూడా వద్దు, ఆరేటప్పుడు వదిలే యాసిడ్ కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే ఇత్తడి నాజిల్‌ని తినేస్తది. అచ్చు పీఎల్ఏ ప్లాస్టిక్‌లో ప్రింట్ చేసుకుని, లోపల హాట్‌ఎండ్‌లో వేడెక్కే లోహపు బ్లాక్ సైజు డమ్మీ పెట్టి, చుట్టూ ఓ 2 మిల్లీమీటర్లు సందు వదిలి, రెండిటికీ వాజిలిన్ పల్చగా రాసి నింపండి.

ఇది గాల్లో తేమతోనే గట్టిపడుద్ది, మన డెల్టాలో తేమకేం కరువండి, అయినా అచ్చు మూసేస్తే గాలి తగలక లోపలంతా పచ్చిగానే ఉండిపోద్ది కాబట్టి పైన తెరిచే ఉంచి కనీసం రెండ్రోజులు దాని జోలికెళ్ళకండి. తొందరగా ఆరుద్దని కార్న్‌ఫ్లోర్ కలపమంటారు కొందరు, ఆ వేడికి అది మాడిపోద్ది, నేనైతే కలపను.

నాజిల్ కొన బయటికుండాలి, వైర్లకి కోత వదలాలి. తొడిగాక ఫ్యాన్ ఆన్‌లో పెట్టి ప్రింటర్‌కి ఎం303 అనే కమాండ్ ఇచ్చి పీఐడీ ట్యూనింగ్ (టెంపరేచర్ నిలకడగా ఉంచే సెట్టింగ్) మళ్ళీ చేసుకోండి.