నల్లమందు కాదు, తుపాకిమందు

సందేహం: టెక్సాస్‌లో ఉంటున్నాను. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వర్‌కు నకలు ఒకటి కొని, ఇక్కడి క్లబ్బులో వాడటం నేర్చుకుంటున్నాను. ఊళ్లో ఉన్న నాన్నగారికి ‘నల్లమందు రివాల్వర్‌లో తూటాలు నింపుతున్నాను, చిలుము పట్టకుండా తుడుస్తున్నాను’ అని రాశాను. ఆయన టెన్షన్ పడి ఫోన్ చేశారు. నా తెలుగులో తప్పేమిటి?

సమాధానం: నాన్నగారి టెన్షన్‌లో న్యాయముంది. తెలుగులో నల్లమందు అంటే అభిని, మత్తుమందు. ‘బ్లాక్ పౌడర్’ అనే ఇంగ్లీషు పేరులోని రెండు ముక్కలనూ విడివిడిగా తెలుగు చేసి అతికించడంతో అది వేరే వస్తువైపోయింది. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ పొడికి మనకు తుపాకిమందు అనే మాట ఉంది. నలుపని వేరే చెప్పనక్కర్లేదు. 19వ శతాబ్దం చివర్లో పొగరాని మందు వచ్చేదాకా తుపాకిమందంటే అదొక్కటే.

ఒంటికి వాడేదీ మందే, పొలానికి కొట్టేదీ మందే, సీసాలోదీ మందే. ఔషధానికీ తుపాకీ పొడికీ ఒకే మాట వాడటం తమిళ ‘మరుందు’లోనూ కన్నడ ‘మద్దు’లోనూ ఉంది. మరాఠీ ‘దారూ’ అయితే సారాయికీ తుపాకిమందుకీ పనికొస్తుంది. వాళ్ల దారూగోళా, మన మందుగుండు ఒకే పోత. మందుగుండు ద్వంద్వ సమాసం: మందూ, గుండూ. పత్రికల్లో ‘మందుగుండు సామగ్రి’ అని ఒకే ముద్దగా చదివి ఆ సంగతి మరిచిపోయాం. మీ రివాల్వర్‌కు మాత్రం ఆ రెండూ ఇప్పటికీ వేర్వేరు.

అందుకే అక్కడ తూటా మాట అతకదు. మందునూ గుండునూ కలిపి కట్టింది తూటా. 1857లో సిపాయిలు కొరకమని ఎదురుతిరిగిన కొవ్వు పూసిన తూటాలు కాగితపు పొట్లాలే. ‘ఒంట్లోంచి తూటా తీశారు’ అని వార్తల్లో రాస్తున్నారు, దాన్ని నేను తప్పనను, జనం వాడుక అది. కానీ మీరు వేసేది విడి సీసపు గుండు. గుండనే రాయండి.

ఇక ‘నింపడం’. బిందె నింపుతాం, ట్యాంకు నింపుతాం. మీరు చేసే పని చూడండి. సిలిండర్‌లోని అరలోకి కొలత ప్రకారం మందు పోస్తారు. పైన గుండు పెట్టి, బారెల్ కింది లివర్‌తో గట్టిగా లోపలికి నొక్కుతారు. గుండు అరకన్నా పిసరంత పెద్దది కాబట్టి, దిగేటప్పుడు అంచున సన్నని సీసపు ఉంగరం తెగి రాలుతుంది. మందుకూ గుండుకూ మధ్య సందు మిగలకూడదు. అలా సందు లేకుండా బిగించడమే దట్టించడం. ఆపైన కొవ్వు పూస్తారు, నిప్పు పక్క అరకు పాకకుండా, మసి గట్టిపడకుండా. చివర్న అర వెనకున్న బొడిపెకు క్యాప్, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ, తొడుగుతారు. ఒక్క ‘నింపు’లో ఇదంతా ఎలా పడుతుంది?

మా చిన్నప్పుడు దీపావళికి ఇంట్లోనే సిసింద్రీలు కూరేవాళ్లం. తాతయ్య పక్కన కూర్చుని, ‘కూరితే చాలదురా, దట్టించు’ అనేవారు. వదులుగా కూరినది ఉన్నచోటే తుస్సుమనేది. గుత్తివంకాయలో కారం కూరుతాం, అది లోపలికి వెళ్తే చాలు. దట్టించడంలో వత్తిడి ఉంది. మాంసానికి మసాలా దట్టించారన్నప్పుడు వినిపించేదీ ఆ దండితనమే.

‘తుడవడం’ కూడా చాలదు. తుపాకిమందు కాలాక మిగిలే మసిలో లవణాలుంటాయి. వానాకాలంలో డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లినట్టు అవి తేమ లాగుతాయి, ఆ తేమ ఇనుమును తినేస్తుంది. అందుకే కాల్చిన రోజే విప్పి, వేడి సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి నూనె రాస్తారు. తుపాకీని కడగడమేమిటని సందేహించకండి, ఇక్కడ అదే సరైన మాట. చిలుము పట్టేది రాగికీ ఇత్తడికీ. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కమ్మికి చిలుము అనండి, బారెల్‌కు మాత్రం తుప్పు.

నాన్నగారికి మళ్లీ ఇలా రాయండి: ‘పాతకాలపు రివాల్వర్ కాల్చడం నేర్చుకుంటున్నాను. తుపాకిమందు పోసి, గుండు దట్టించి, క్యాప్ తొడిగి కాలుస్తాం. ఇంటికి రాగానే కడిగి, తుప్పు పట్టకుండా నూనె రాస్తున్నాను.’