డి20ని తీసేయకండి, దాన్ని ఎన్నిసార్లు వేయిస్తున్నారో లెక్కపెట్టండి

మీరు అడిగింది ఇది: గుంటూరులో ఐదుగురు కలిసి ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు. కథ నడిపేవాడు డీఎం, మిగతా నలుగురివి పాత్రలు: కత్తి పట్టే ఫైటర్, దొంగచాటు రోగ్, మంత్రగాడు విజార్డ్, గాయాలు మాన్పే క్లెరిక్. ఏ పని ఫలించిందో పాచిక తేలుస్తుంది. ఫైటర్ కత్తి వరసగా ఐదుసార్లు మిస్సయింది. అందుకని ఇరవై ముఖాల పాచిక (డి20) పక్కన పెట్టి, మూడు మామూలు పాచికలు వేసి కలుపుకుంటే ఆట న్యాయంగా ఉంటుందా అని.

వద్దండీ. కింద చెప్పే అంకెలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకాల ప్రకారం.

ముందు ఆ ఐదు మిస్సుల సంగతి. ఒకటో లెవెల్ ఫైటర్‌కి మామూలుగా దెబ్బ మీద +5 ఉంటుంది, అంటే పాచిక మీద పడినదానికి 5 కలుపుకుంటాడు. ఎదురుగా ఉన్న గోబ్లిన్ అనే చిన్న రాక్షసి ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె, 15. అంటే పాచిక మీద 10 గానీ అంతకు మించి గానీ పడాలి. ఇరవై ముఖాల్లో అలాంటివి పదకొండు, 55 శాతం. తప్పే అవకాశం 45 శాతం. ఐదుసార్లు వరసగా తప్పడమంటే 0.45ని ఐదుసార్లు హెచ్చవేయాలి, 1.8 శాతం వస్తుంది. వినడానికి చాలా అరుదు. అయితే ఒక పూట ఆటలో ఫైటర్ పన్నెండుసార్లు కత్తి దూస్తాడనుకోండి. ఆ పన్నెండులో ఎక్కడో ఒకచోట ఐదు మిస్సుల వరస తగిలే అవకాశం 9 శాతం. అదే లెక్కలో దెబ్బ వేసేవాళ్లు నలుగురుంటే, వాళ్లలో ఎవరో ఒకరికి తగిలే అవకాశం 31 శాతం. దాదాపు మూడు ఆదివారాలకొకసారి ఎవరో ఒకరు నెత్తిన చేయి పెట్టుకుని కూర్చోవడం ఖాయం. పాచికలో దోషం ఉందనడానికి అది సాక్ష్యం కాదు.

ఇక మూడు పాచికల మాట. అష్టాచమ్మా ఆడినవాళ్లకి ఇది చేతిలో ఉన్న లెక్కే. నాలుగు చింతపిక్కలు ఒకవైపు అరగదీసి వేస్తే రెండు ఎంత తరచుగా పడుతుంది, అష్టా ఎంత అరుదుగా పడుతుంది? రెండు వైపులా సమానంగా పడతాయనుకుంటే పదహారు రకాల్లో రెండు పడేవి ఆరు, అష్టా పడేది ఒక్కటి. పిక్కలు పెరిగేకొద్దీ పందెం మధ్యకి చేరుతుంది. మూడు ఆరుముఖాల పాచికలూ అంతే. 216 రకాల్లో 10 పడేవి 27, 11 పడేవి 27, 18 పడేది మాత్రం ఒక్కటే. డి20లో ఏ ముఖమైనా 5 శాతమే.

మధ్యకి చేరడం మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఈ ఆటలో ఆర్మర్ క్లాసులు, డీసీలు (మిగతా పనులకి చేరాల్సిన అంకెలు) అన్నీ డి20ని మనసులో పెట్టుకుని రాసినవి. మార్చి చూడండి. గోబ్లిన్ మీద ఫైటర్‌కి 10 కావాలి, 55 శాతం 62.5 అవుతుంది. పెద్దగా ఒరిగింది లేదు. చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం), డాలు కలిపి ఆర్మర్ 18 ఉన్నవాడి మీద గోబ్లిన్ +4తో బాణం వేస్తే 14 కావాలి. డి20 మీద అది 35 శాతం, మూడు పాచికల మీద 16 శాతం. అంటే ఇనుము తొడిగినవాడి జోలికి ఎవరూ రాలేరు. అదే గోబ్లిన్ ఆర్మర్ 12 ఉన్న విజార్డ్ మీద వేస్తే 8 చాలు, 65 శాతం కాస్తా 84కి ఎక్కుతుంది. ఫైటర్‌కి న్యాయం చేద్దామని మొదలుపెట్టి విజార్డ్ పీక నొక్కినట్టవుతుంది. క్రిటికల్ (అన్నిటికన్నా పెద్ద అంకె పడితే తగిలే భారీ దెబ్బ) 5 శాతం నుంచి 216లో ఒకటికి పడిపోతుంది. +1 కత్తి విలువ కూడా మారిపోతుంది. డి20లో అది ఎప్పుడూ 5 శాతమే ఇస్తుంది, మూడు పాచికల్లో 11 కావాల్సినచోట 12.5 శాతం ఇస్తుంది, 16 కావాల్సినచోట 4.6 మాత్రమే. రెండు పాచికలతోనే నడిచే ఆటలున్నాయి, చక్కగా నడుస్తాయి, ఎందుకంటే వాటి నియమాలన్నీ అలా మధ్యకి చేరే తీరుకి తగ్గట్టు కట్టారు. ఒక బండి చక్రం పీకి ఇంకో బండికి బిగిస్తే దారి పట్టదు.

నిజమైన తేడా వచ్చేది డీఎం నోటి దగ్గర. మన చుట్టుపక్కల వాళ్లందరికీ తెలిసిన చోటే తీసుకుందాం, కొండపల్లి కోట. రాత్రివేళ, గుమ్మం పక్కన దివిటీ, దాని కింద ఒక కాపలావాడు. పుస్తకంలో గార్డు పాసివ్ పర్సెప్షన్ (ప్రత్యేకంగా వెతక్కుండానే కనిపెట్టే శక్తి) 12, కంటపడకుండా పోవాలంటే ఆ అంకె చేరాలి. నలుగురు గోడవారగా దాటిపోవాలి. రోగ్‌కి స్టెల్త్ (చప్పుడు లేకుండా నక్కి పోవడం) +7, 5 పడితే చాలు, 80 శాతం. విజార్డ్‌కి +2, 10 పడాలి, 55 శాతం. ఫైటర్‌కి +1 ఉంది, కానీ ఒంటి మీద చెయిన్ మెయిల్ గలగలమంటుంది కాబట్టి డిసడ్వాంటేజ్, రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. 50 శాతం 25కి పడుతుంది. క్లెరిక్‌కి కలిపేది సున్నా, ఒంటి మీద అదే ఇనుము, 45 శాతం 20కి దిగుతుంది.

ఇప్పుడు డీఎం "అందరూ స్టెల్త్ వేయండి" అంటాడు. ఒక్కరు తప్పినా కాపలావాడు గంట కొడతాడు. నాలుగూ హెచ్చవేయండి: 2.2 శాతం. మెట్ల మలుపు దగ్గర ఇంకో కాపలావాడు, "మళ్లీ వేయండి". రెండూ దాటే అవకాశం రెండు వేలల్లో ఒకటి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకి ఈ అంకె తెలియదు. మేం దొంగచాటుగా వెళ్దామనుకున్న ప్రతిసారీ యుద్ధమే అవుతోందన్నది మాత్రం తెలుస్తుంది. నాలుగు వారాల తర్వాత ఎవరూ దొంగచాటు మాటే ఎత్తరు, తలుపు తన్నుకుని లోపలికి పోతారు. డీఎం వీళ్లకి ఆలోచన లేదంటాడు, ఆడేవాళ్లు పాచిక బాగాలేదంటారు.

ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే దీనికి మందుంది, గ్రూప్ చెక్. అందరూ వేస్తారు, సగం మంది గెలిస్తే గుంపంతా గెలిచినట్టు. ఇనుప చొక్కావాళ్లని రోగ్ చేయి పట్టుకుని నడిపిస్తున్నట్టన్నమాట. అవే నాలుగు అంకెలు, అదే గోడ, అదే కాపలావాడు. నలుగురిలో కనీసం ఇద్దరు గెలిచే అవకాశం 63 శాతం. పాచిక మార్చలేదు, డీసీ మార్చలేదు. 2 శాతం 63 అయింది. గెలిచాక ఆ ఫలితం కోట లోపలికి చేరేదాకా నిలవాలి. మలుపు మలుపుకీ మళ్లీ వేయించకూడదు, పరిస్థితి నిజంగా మారితే తప్ప. తప్పినా వెంటనే గంట మోగక్కర్లేదు. "ఎవరక్కడ?" అంటూ కాపలావాడు దివిటీ ఎత్తి నాలుగడుగులు ముందుకొస్తే చాలు, ఆడేవాళ్లకి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

డీఎం పాచిక అడిగేముందు తనని తాను ఒకటి ప్రశ్నించుకోవాలి: తప్పితే ఏం జరుగుతుంది? జవాబు "ఏమీ జరగదు, మళ్లీ ప్రయత్నిస్తారు" అయితే వేయించనే కూడదు. తాళం తీయడానికి రోగ్‌కి తొందర లేకపోతే తీసేశాడని చెప్పేయాలి.

ఇదే వరసలో ఇంకో బాధ ఉంది, చెప్పకుండా ఉండలేను. 1 పడితే కత్తి చేయి జారిందనీ, వింటినారి తెగిందనీ, పక్కవాడికి తగిలిందనీ ఇంట్లో కల్పించుకునే నియమం. పుస్తకంలో దెబ్బ మీద 1 పడితే మిస్, అంతే. ఫైటర్‌కి ఐదో లెవెల్‌లో టర్నుకి రెండు దెబ్బలు, పదకొండులో మూడు, ఇరవైలో నాలుగు. ఒక టర్నులో కనీసం ఒక 1 పడే అవకాశం ఒకటో లెవెల్‌లో 5 శాతం, తర్వాత 9.75, 14.3, చివరికి 18.5. కత్తి సాము నేర్చేకొద్దీ కత్తి జారవిడిచేది ఎక్కువవుతుంది. మంత్రం వేసి ఎదుటివాళ్ల చేత సేవింగ్ త్రో (మంత్రాన్ని తప్పించుకునే పాచిక) వేయించే విజార్డ్‌కి మాత్రం ఏ నష్టమూ లేదు. మీ దగ్గర ఇలాంటిది ఉంటే ఈ ఆదివారమే ఎత్తేయండి.

ఫైటర్ మిస్సులు తగ్గాలంటే దారులు నియమాల్లోనే ఉన్నాయి. ఎవరైనా తమ యాక్షన్‌తో హెల్ప్ చేస్తే అతని దెబ్బకి అడ్వాంటేజ్ వస్తుంది, రెండు డి20లు వేసి ఎక్కువది తీసుకుంటాడు. గోబ్లిన్‌కి హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) 7. లాంగ్‌స్వర్డ్ దెబ్బకి ఎనిమిది ముఖాల పాచిక (డి8) వేసి 3 కలుపుతారు. ఒక్క వేటులో చంపే అవకాశం మామూలుగా 36 శాతం, అడ్వాంటేజ్‌తో 53. విజార్డ్ దగ్గర గుడ్లగూబ ఫెమిలియర్ (మంత్రంతో పిలిచిన తోడు జంతువు) ఉంటే అదే వచ్చి హెల్ప్ చేసి ఎగిరిపోతుంది, ఫ్లైబై ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు దానికి దెబ్బ పడదు. క్లెరిక్ బ్లెస్ వేస్తే ముగ్గురికి ప్రతి దెబ్బ మీదా డి4 కలుస్తుంది, 55 శాతం 67.5 అవుతుంది. చాలామంది క్లెరిక్‌లు ఆ మంత్రాన్ని వదిలేసి గాయాలు మాన్పడానికే స్లాట్లు (మంత్రాలు వేసే వంతులు) దాచుకుంటారు.

ఇంత చెప్పినా పాచిక మీద అనుమానం తీరకపోతే పరీక్ష పెట్టండి. పరుపు మీద, బొంత మీద వేయకండి, అక్కడ అది దొర్లదు, జారుతుంది. అంచున్న స్టీలు పళ్లెంలో పల్చటి గుడ్డ పరిచి వేయండి. ఒరిగి ఆగితే లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ వేయాలని ముందే ఒప్పుకోండి. అంకెలు 20, 19, 18 అని పక్కపక్కనే వరసగా ఉంటే అది మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో లైఫ్ లెక్క పెట్టుకునే పాచిక. పెద్ద అంకెలన్నీ ఒకవైపే ఉంటాయి కాబట్టి సరిగా దొర్లించకపోతే తేడా వస్తుంది, దాన్ని దెబ్బలకి వాడకండి.

200 సార్లు వేసి ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో కాగితం మీద గీతలు పెట్టండి. ఒక్కో ముఖం పదిసార్లు రావాలి. ప్రతి ముఖానికీ పదికీ ఉన్న తేడాని వర్గం చేసి ఇరవైనీ కలపండి. మొత్తం 301 దాటితే అనుమానించాలి. మంచి పాచిక కూడా ఇరవై పరీక్షల్లో ఒకసారి ఆ గీత దాటుతుంది, కాబట్టి వెంటనే పారేయకుండా ఇంకో 200 వేయండి. రెండోసారీ దాటితే దాన్ని పక్కన పెట్టి, హిట్ పాయింట్లు గుర్తుంచుకోవడానికి వాడుకోండి.