గుర్రానికి కోటు, కాళ్లకు ఈకలు?

సందేహం: స్కాట్లాండులో గుర్రాలశాలలో పనిచేస్తున్నాను. అన్నీ క్లైడ్స్‌డేల్ జాతివే. దట్టంగా బొచ్చు పెరిగే గుర్రానికి, దాన్ని కత్తిరించే క్లిప్పర్లు ఎలాంటివి కొనాలో ఇక్కడి తెలుగు మిత్రుల కోసం రాస్తూ 'మందమైన కోటు', 'కాళ్ల ఈకలు', 'ముతక బ్లేడు', 'బ్లేడు టెన్షన్' అని వాడాను. 'బొచ్చు' అని రాయడానికి మొహమాటపడ్డాను. ఇవి సరేనా? క్లిప్పర్లకు తెలుగులో ఏమనాలి?

సమాధానం: మొహమాటం అక్కర్లేదండీ. బొచ్చు మంచి తెలుగు మాట. కొందరు దాన్ని మోటుగా వాడతారని మాటే చెడిపోదు. బొచ్చుకుక్క అని పిల్లలు ముద్దుగానే అంటారు కదా! మనిషి తలమీదిది జుట్టు, గుర్రం మెడమీదిది జూలు, ఒంటిమీదిది బొచ్చు. 'రోమాలు' తప్పు కాదు గానీ, గుర్రం పక్కన నిలబడి పనిచేసేవాళ్ల నోట ఆ మాట రాదు. ఇంగ్లీషులో జంతువు ఒంటిమీది బొచ్చును కూడా కోట్ అంటారు గానీ, తెలుగులో 'కోటు' అంటే తొడుక్కునేదే. చలికాలంలో గుర్రాలకు నిజంగానే రగ్గులు కప్పే చోట ఆ మాట మరీ తికమక పెడుతుంది. ఇక 'మందం' గోడకూ చెక్కకూ చెప్పే మాట. జుట్టుకు ఒత్తు అంటాం. కాబట్టి 'ఒత్తైన బొచ్చు'.

'ఈకలు' మాత్రం తప్పకుండా మార్చండి. క్లైడ్స్‌డేల్‌కు మోకాలి కింద నుంచి గిట్ట మీదికి జారే పొడవాటి బొచ్చును ఇంగ్లీషులో ఫెదర్ అంటారు. తెలుగులో ఈకలు పక్షులకే ఉంటాయి. 'కాలి కుచ్చు' అనండి. జడకుచ్చులు చూసినవాళ్లకు అది వెంటనే కళ్లకు కడుతుంది.

ఇంగ్లీషులో కత్తెర లాగే క్లిప్పరూ ఒక్కటైనా బహువచనమే. మనకు ఆ పద్ధతి లేదు. 'క్లిప్పర్లు కొన్నాను' అంటే రెండో మూడో కొన్నారనుకుంటాం. ఒకటైతే 'క్లిప్పర్' చాలు. క్షవరం షాపులో 'మిషన్ పెట్టు' అంటాం కాబట్టి, మొదటిసారి 'బొచ్చు కత్తిరించే మిషన్' అని చెప్పి, తర్వాత క్లిప్పర్ అని రాసుకుంటూ పోవచ్చు. ఉత్త 'కత్తెర' అనవద్దు. గొంగళ్ల కోసం గొర్రెల బొచ్చు తీసే కురుమల చేతిలోది కత్తెర, అది వేరే పనిముట్టు. 'గొరగడం' కూడా కుదరదు. గొరిగితే చర్మం నున్నగా తేలుతుంది. మీ మిషన్ కాస్త బొచ్చు మిగులుస్తుంది కాబట్టి అది కత్తిరించడమే.

'ముతక' బట్టకు చెప్పే మాట. బ్లేడును దగ్గరగా చూడండి. రెండు పళ్ల పలకలుంటాయి. కింది పలక దువ్వెనలా కదలకుండా ఉంటే, పైది అటూఇటూ ఆడుతూ కోస్తుంది. దువ్వెన గుర్తొచ్చిందంటే మాట దొరికినట్టే. చిక్కు జుట్టుకు పెద్ద పళ్ల దువ్వెన, పేలకు సన్న పళ్ల దువ్వెన తీస్తాం. ఇక్కడా అంతే. ఒత్తైన బొచ్చు ఎడంగా ఉన్న పళ్ల మధ్యకు సులువుగా దూరుతుంది, సన్న పళ్లకు అడ్డుపడుతుంది. అందుకే 'ఎడం పళ్ల బ్లేడు' అనండి. మాటలోనే కారణం కూడా తెలిసిపోతుంది.

టెన్షన్ అనగానే మనకు తోచేది పరీక్షల టెన్షన్, వీసా టెన్షన్. పలకలు రెండూ ఒకదానికొకటి ఎంత గట్టిగా అదుముకున్నాయో చెప్పడానికి 'బిగువు' ఉంది. నులకమంచం అల్లేవాళ్లు రోజూ వాడే మాట అది. బిగువు తగ్గితే బ్లేడు కోయకుండా బొచ్చును లాగుతుంది, గుర్రం బెదురుతుంది. ఎక్కువైతే బ్లేడు వేడెక్కుతుంది, మోటారు మూలుగుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'ఒత్తైన బొచ్చున్న గుర్రానికి గట్టి మోటారు, ఎడం పళ్ల బ్లేడు ఉన్న క్లిప్పర్ కొనండి. బొచ్చు శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. బిగువు చూసుకోండి. మధ్యమధ్యలో బ్లేడుకు నూనె వేయండి, చేతికి చురుక్కుమంటే ఆపండి.'