చంటాడికి పడిశం పడితే

అమ్మలూ,

నాలుగు నెలల పిల్లాణ్ణి తీసుకుని ఒక్కదానివే హైదరాబాద్ వెళ్లి ఉద్యోగంలో చేరుతున్నావట, మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా నిద్రపట్టలేదు. ముందున్నది చలికాలం.

పడిశం ఎలాగూ వస్తుంది. మనకి ముక్కు కారించి పోయే ఆర్‌ఎస్‌వీ వైరసే చంటిపిల్లల ఊపిరితిత్తుల్లో సన్నగొట్టాలు వాచేలా చేసి, కఫంతో మూసేస్తుంది. బ్రాంకియోలైటిస్ అంటారు. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముదురుతుంది, ఆపైన తగ్గుతుంది. దగ్గు రెండు మూడు వారాలుంటుంది. ముక్కులో సెలైన్ చుక్కలు వెయ్యి, పాలు కొంచెం కొంచెంగా మాటిమాటికీ పట్టు. దగ్గు మందులూ బామ్‌లూ వద్దు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు. ఎత్తుకునేవాళ్లెవరైనా చేతులు కడుక్కోవాల్సిందే.

మీ నాన్న సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మూడో నెలలో పడిశం పట్టింది. అప్పటికి ఏఎన్‌ఎమ్‌గా నాలుగేళ్లు ఊళ్లు తిరిగినదాన్ని. ఏ ఇంటికెళ్లినా ముందు బిడ్డ చొక్కా ఎత్తి డొక్కలు చూసేదాన్ని. నా బిడ్డకి మాత్రం రెండు దుప్పట్లు చుట్టి, తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేశాను. ఒళ్లు కాలట్లేదు కదా, భయం లేదనుకున్నాను. ఆ వారం ఒక్కరోజు కూడా డ్యూటీ మానలేదు. నాలుగో రాత్రి రెండు గుక్కలు తాగి వదిలేశాడు. ఏడవలేదు. హమ్మయ్య, పడుకున్నాడని నేనూ పడుకున్నాను. అది నిద్ర కాదు తల్లీ, అలసట. తెల్లారి దుప్పటి విప్పితే గుడ్డ పొడిగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. మొదటి బస్సులో పట్నం తీసుకెళ్లాం. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇప్పటికీ సాంబ్రాణి వాసన తగిలితే కాళ్లు వణుకుతాయి.

అందుకే చెబుతున్నాను, పడిశం పట్టిన రోజు నుంచి పూటకోసారి బట్టలు విప్పి చూడు. నిద్రలో ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టు. వీడి వయసుకి 50 వచ్చిందంటే డాక్టరుకి చూపించాలి. డొక్కలెగరేసినా, మూలిగినా, పాలు సగానికి తగ్గినా, 12 గంటలు ఉచ్చ పోయకపోయినా వెంటనే ఆసుపత్రి. పెదాలు నీలమైనా, ఊపిరి ఆగి ఆగి వచ్చినా 108కి ఫోన్ చెయ్యి. జ్వరం లేదని ఆగావో, నేనూరుకోను. సెలవడగడానికి మొహమాటపడకు.

రోజూ వీడియో కాల్‌లో వాడి చొక్కా ఒక్కసారి ఎత్తి చూపించు. పని తొందరలో ఉంటే మాట్లాడకపోయినా సరే.

నాయనమ్మ