టెక్ సందేహాలు: కలంకారీ కొమ్మ కదలాలంటే

మా కాలేజీ హాల్లో 12 అడుగుల వెడల్పున్న గోడ మీద శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మ వేసి, ముందు ఎవరైనా నడిస్తే కొమ్మలు పక్కకు ఒదిగేలా చేయాలనుకుంటున్నాం. 3,500 ల్యూమెన్ల ప్రొజెక్టర్, పాత ఎక్స్‌బాక్స్ వన్ కైనెక్ట్ (మనుషుల దూరాన్ని కొలిచే గేమింగ్ కెమెరా) ఉన్నాయి. ఎదుటి గోడ 14 అడుగుల దూరంలోనే ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?
– ఓ విద్యార్థిని, తిరుపతి

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు టేపు పట్టండి. ప్రొజెక్టర్ వివరాల్లో ‘త్రో రేషియో’ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని బొమ్మ వెడల్పుతో గుణిస్తే గోడకు ఎంత దూరంలో పెట్టాలో తెలుస్తుంది. మీది 1.5 అయితే 18 అడుగులు కావాలి, మీకున్నవి 14. అదే 0.5 ఉన్న షార్ట్ త్రో అయితే 6 అడుగులు చాలు. అద్దెకు అడిగేటప్పుడు ‘మంచి ప్రొజెక్టర్’ అనకండి, ఈ అంకె చెప్పండి. దాన్ని సీలింగ్‌కు బిగిస్తే వెలుగు ఏటవాలుగా దిగి, నీడలు గోడ కింది భాగానికే పరిమితమవుతాయి.

అసలు చిక్కు నలుపుతో. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి తీసిన నల్లరంగు గీతే కలంకారీకి ప్రాణం. ప్రొజెక్టరేమో నలుపును వేయలేదు; హాల్లో వెలుతురు ఎంతుంటే నలుపు అంత తెల్లబడుతుంది. 12 అడుగుల వెడల్పు, 16:9 ఆకారంలో బొమ్మ అంటే సుమారు 7.5 చదరపు మీటర్లు. 3,500 ల్యూమెన్లకు గోడ మీద చదరపు మీటరుకు పడేది సుమారు 465 ల్యూమెన్లు, అంటే 465 లక్స్. కిటికీలు మూస్తే అది చాలు, తెరిచి ఉంచితే గీతలు మాయం. అందుకే బొమ్మను తిరగేయండి: ముదురు నేల, వెలిగే గీతలు. కలంకారీ కళాకారులు ఒప్పుకోకపోవచ్చు గానీ, గోడ మీద నిలిచేది అదే.

కైనెక్ట్‌ను బొమ్మ కింద, మనుషుల వైపు తిప్పి పెట్టండి. అది 0.5 నుంచి 4.5 మీటర్ల దాకా చూస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలించాలంటే విడిగా అడాప్టర్, యూఎస్‌బీ 3.0 పోర్టు తప్పనిసరి. ఎండ నేరుగా పడితే దాని ఇన్‌ఫ్రారెడ్‌కు చూపు ఆనదు. నల్లచొక్కా వేసుకున్నవాళ్లకూ కైనెక్ట్ బొమ్మలో అప్పుడప్పుడు ఒంట్లో బొక్కలు కనిపిస్తాయి, కంగారు పడకండి. కైనెక్ట్ బదులు వెబ్‌క్యామ్ వాడదామనుకుంటే, గోడ వైపు తిప్పకండి. కెమెరా బొమ్మ కదలడాన్నే మనిషి కదలిక అనుకుంటుంది, దాంతో బొమ్మ తనంతట తానే ఊగిపోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్: కదిలే బొమ్మలు తయారుచేసే టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్ చాలు. అది 1280×1280 పిక్సెళ్లు దాటనివ్వదు, కాబట్టి 1280×720లో పనిచేయండి. డబ్బు తీసుకునే పనులకు దాన్ని వాడకూడదు. కైనెక్ట్ ఇచ్చే డెప్త్ బొమ్మకు (దూరాన్ని వెలుగు తేడాలుగా చూపేది) వరుసగా థ్రెషోల్డ్ (మనిషిని వేరుచేసేది), బ్లర్ (అంచులు మసకపరిచేది), స్లోప్ (ఎటు జరగాలో తేల్చేది) వేసి, కలంకారీ బొమ్మను జరిపే డిస్‌ప్లేస్‌కు ఇవ్వండి. బ్లర్ మానేస్తే కొమ్మ ఒదగదు, అంచుల్లో చిరిగినట్టు కనబడుతుంది.

వినాయక చవితి మండపానికి 10 మీటర్ల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒక్కో లైటు రంగు విడిగా మార్చగల ఎల్‌ఈడీ పట్టీ) కట్టాం. తెలుపు పెడితే చివర్లో ఎర్రగా వస్తోంది. స్ట్రిప్ పాడైందా?
– చిత్తూరు

పాడవలేదు, ఆకలేస్తోంది. సన్నని రాగి పొర మీదుగా వెళ్లేసరికి 5 వోల్టులు కాస్తా తగ్గిపోతున్నాయి. నీలం, ఆకుపచ్చలకు ఎరుపు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి అవే ముందు మసకబారతాయి. మీటరుకు 60 లెక్కన 600 ఎల్‌ఈడీలు, ఒక్కోటి నిండు తెలుపులో 60 మిల్లీ ఆంపియర్లు, మొత్తం 36 ఆంపియర్లు. 5 వోల్టుల 40 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును 5 వోల్టులకు దించే పవర్ సప్లై) తెచ్చి, రెండు చివర్లా, మధ్యలోనూ మందపాటి వైర్లతో పవర్ ఇవ్వండి. ఒక్కో వైరుకూ విడిగా ఫ్యూజు పెట్టండి. కంట్రోలర్ (రంగులు నడిపే బోర్డు) గ్రౌండ్, ఎస్ఎంపీఎస్ గ్రౌండ్ కలపడం మరవద్దు. రంగులు పిచ్చిగా మిణుకుమంటే సగం సార్లు కారణం అదే. ఎస్ఎంపీఎస్ వాన తగలని పెట్టెలో ఉండాలి, 230 వోల్టుల వైపు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి.

ప్రొజెక్టర్‌కు 20 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే బొమ్మ వచ్చి పోతోంది.
– తిరుపతి

మామూలు రాగి కేబుల్ అంత దూరం మోయలేదు. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ (వెలుగు రూపంలో బొమ్మను పంపే కేబుల్) గానీ, క్యాట్6 ఎక్స్‌టెండర్ (నెట్‌వర్క్ కేబుల్ మీదుగా పంపేది) గానీ వాడండి. ఆప్టికల్ కేబుల్‌కు ‘సోర్స్’ (ల్యాప్‌టాప్ వైపు), ‘డిస్‌ప్లే’ (ప్రొజెక్టర్ వైపు) అని రెండు కొసలుంటాయి. సీలింగ్‌లోంచి లాగేముందే చూసుకోండి.